పేరు తెలియని శాస్త్రజ్ఞులు చేసిన ఆవు

సాంకేతిక విజ్ఞానం అనగానే మీ కళ్ళ ముందు ఏం కనబడుతుంది? శ్రీహరికోటలో నిప్పులు చిమ్ముతూ పైకి లేచే రాకెట్టు కనబడవచ్చు. గాజుగొట్టాలూ, సూక్ష్మదర్శినులూ ఉన్న ప్రయోగశాల కనబడవచ్చు. తెల్లకోటు వేసుకున్న శాస్త్రజ్ఞుడు తప్పకుండా కనబడతాడు. అలాంటప్పుడు ఎవరైనా వచ్చి, గడ్డి నెమరువేస్తున్న ఒక ఆవును చూపించి, "ఇది కూడా సాంకేతిక విజ్ఞానమే. దీన్నీ మనుషులే తయారుచేశారు" అంటే మీకు నవ్వు రావచ్చు.

నవ్వితే నవ్వారు గాని, ఆ మాట నిజం. అది ఎలా నిజమో తెలుసుకోవడానికి మనం ఎక్కడికో పోనక్కర్లేదు. మదనపల్లె నుంచి పలమనేరు వెళ్ళే దారిలో పుంగనూరు దగ్గర దిగితే చాలు.

పుంగనూరు ఆవు

చిత్తూరు సీమలోని పుంగనూరు, వాయల్పాడు, మదనపల్లె, పలమనేరు ప్రాంతాలు ఒక జాతి ఆవుకు పుట్టిల్లు. దాని పేరే పుంగనూరు ఆవు. ప్రపంచంలోని అతి పొట్టి పశుజాతుల్లో ఇదొకటి. భూమి నుంచి మూపురం దాకా కొలిస్తే చాలా ఆవులు ఒక మీటరు కూడా ఉండవు. అంటే మీ నడుము దగ్గరికో, ఇంకొంచెం పైకో వస్తుందన్నమాట. బరువు సాధారణంగా 115 నుంచి 200 కిలోలు. ఒంగోలు ఆవు బరువు 400 కిలోలకు పైబడి ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన నిలబెడితే, చూసేవారు తల్లీ దూడా అనుకుంటారు.

పుంగనూరు ఆవుకు వెడల్పైన నుదురు, చంద్రవంక లాంటి పొట్టి కొమ్ములు, నేలను తాకేంత పొడవైన తోక ఉంటాయి. రంగు ఎక్కువగా తెలుపు లేదా లేత బూడిద. గోధుమవన్నెవీ, నల్లవీ కూడా ఉంటాయి. రోజుకు 5 కిలోల మేతతో 3 నుంచి 5 లీటర్ల పాలు ఇస్తుందని లెక్క. ఆ పాలలో వెన్న 8 శాతం దాకా ఉంటుందని చెబుతారు. మామూలుగా ఆవుపాలలో వెన్న మూడున్నర నుంచి 5 శాతం మాత్రమే. అంటే ఈ పొట్టి ఆవు వెన్న విషయంలో గేదెతో పోటీ పడుతుందన్నమాట! కరువు రోజుల్లో పచ్చిగడ్డి దొరకకపోతే ఎండుమేతతోనే నెట్టుకొస్తుంది. దీని ఎద్దులు మెట్టపొలాల్లో దుక్కి కూడా దున్నేవి.

చిన్న శరీరం, తక్కువ మేత, చిక్కని పాలు, ఎండకు ఓర్పు. ఒక ఇంజనీరుకు ఈ లక్షణాలన్నీ రాసిచ్చి, "ఇలాంటి యంత్రం ఒకటి చేసిపెట్టు" అంటే అతడు తల పట్టుకుంటాడు. పుంగనూరు ప్రాంతపు రైతులు మాత్రం ఈ పని చేశారు. ఎలా చేశారన్నది తరవాత చూద్దాం. ముందు, చిన్నదైతే లాభమేమిటో తెలుసుకుందాం.

చిన్న ఒంటి లెక్క

ఒక సెంటీమీటరు భుజం గల సుద్దముక్క ఘనం ఒకటి తీసుకోండి. దాని ఘనపరిమాణం 1. దానికి ఆరు ముఖాలు కాబట్టి ఉపరితలం 6. ఇప్పుడు రెండు సెంటీమీటర్ల భుజం గల ఘనం తీసుకోండి. ఘనపరిమాణం 8, ఉపరితలం 24. అంటే వస్తువు 8 రెట్లు పెరిగితే దాని 'చర్మం' 4 రెట్లే పెరిగింది.

శరీరం వేడిని పోగొట్టుకునేది చర్మం ద్వారానే గదా! కాబట్టి శరీరం పెద్దదయ్యేకొద్దీ, లోపలి వేడి బయటికి పోయే దారి ఇరుకవుతుంది. చిన్న శరీరానికి ఆ బాధ తక్కువ. దానికి తోడు తెల్లని వెంట్రుకలు ఎండను చాలావరకు తిప్పికొడతాయి. మే నెల ఎండలో చెట్టు నీడ కూడా సరిగా లేని మెట్టనేలల మీద ఇది చిన్న సదుపాయమేమీ కాదు.

మేత సంగతి మరీ చిత్రంగా ఉంటుంది. మాక్స్ క్లైబర్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుక మొదలు ఎద్దు దాకా రకరకాల జంతువులకు ఎంత ఆహారశక్తి కావాలో లెక్కలు వేసి, 1932లో ఒక సూత్రం చెప్పాడు. దాని ప్రకారం జంతువు బరువు 16 రెట్లు పెరిగితే దాని ఆహార అవసరం 8 రెట్లే పెరుగుతుంది. అంటే కిలోకు కిలో చూస్తే పెద్ద జంతువుదే పొదుపు!

"అయితే పెద్ద ఆవే మేలు గదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. మేత పుష్కలంగా ఉన్నచోట అది నిజం కూడా. కాని మెట్టరైతు లెక్క కిలోకు ఇంత అని కాదు, ఇంటికి ఇంత అని. క్లైబర్ సూత్రం ప్రకారం 440 కిలోల ఆవుకు కావలసిన మేతలో సగం లోపే 160 కిలోల ఆవుకు సరిపోతుంది. వానలు తప్పిన ఏడు ఆ రైతు దగ్గర చెనిక్కాయ కట్టె ఒక వామి మాత్రమే ఉందనుకోండి. అది పెద్ద ఆవుకు చాలకపోతే ఆవునే అమ్ముకోవాలి. అదే వామితో రెండు చిన్న ఆవులు గట్టెక్కుతాయి. ఒకటి పోయినా ఇంకొకటి మిగులుతుంది. ఉన్నదంతా ఒక్క పశువు మీద పెట్టడం కన్నా రెంటి మీద పెట్టడం క్షేమం. క్లైబర్ పేరు ఎన్నడూ వినని రైతు ఈ లెక్కను తన గడ్డివామి దగ్గర నిలబడి వేసుకున్నాడు.

ఆవును తయారుచెయ్యడం ఏమిటి?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆవును ఎవరూ సుత్తితో కొట్టి తయారుచెయ్యరు. ఎంపిక చేసి తయారుచేస్తారు.

ఒక ఊళ్ళో ఈ ఏడు యాభై కోడెదూడలు పుట్టాయనుకుందాం. అన్నీ ఒకలాగే ఉండవు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఒకదాని తల్లి చిక్కని పాలు ఇస్తుంది, ఇంకొకదాని తల్లి నీళ్ళలాంటి పాలు ఇస్తుంది. ఒకటి ఎండుగడ్డి తిని నిగనిగలాడుతుంది, ఇంకొకటి పచ్చిక లేకపోతే చిక్కిపోతుంది. వీటిలో రెండో మూడో మాత్రమే ఆబోతులుగా ఉంటాయి. మిగిలినవాటిని బీజంకొట్టి ఎద్దులుగా సేద్యానికి వాడుకుంటారు. మరి ఏ దూడ ఆబోతు కావాలి? ఈ నిర్ణయంలోనే విజ్ఞానమంతా ఉంది.

ఎందుకంటే ప్రతి దూడకూ సగం జన్యువులు తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. ఆవు ఏడాదికి ఒక్క దూడనే ఈనుతుంది. ఆబోతు అయితే ఊళ్ళోని దూడలన్నిటికీ తండ్రి కాగలదు. కాబట్టి ఒక్క ఆబోతును ఎంచడమంటే, రాబోయే మందలో సగాన్ని ఎంచడమే. ఈ ఎంపికను తరం తరవాత తరం ఒకే చూపుతో చేస్తూపోతే మంద రూపమే మారిపోతుంది. పశువుల్లో ఒక తరానికి సుమారు అయిదేళ్ళు వేసుకున్నా, నూరేళ్ళలో ఇరవై తరాలు.

ఆబోతు ఎంపికకు తెలుగునాట గొప్ప సంప్రదాయమే ఉంది. 'అచ్చోసిన ఆంబోతు' అనే మాట మీరు తిట్టుగా విని ఉంటారు. దాని వెనక ఉన్నది మాత్రం మంచి పద్ధతి. ఒంగోలు ప్రాంతంలో పెద్దవాళ్ళెవరైనా పోయినప్పుడు వారి పేర మేలైన కోడెదూడ నొకదాన్ని దేవుడికి వదిలేవారు. ఆ దూడను పశువుల సంగతి బాగా తెలిసినవాళ్ళు కలిసి పరీక్షించి ఎన్నుకునేవారు. దాని మీద అచ్చు వేసేవారు. ఆ అచ్చు ఉన్నంతకాలం అది ఏ చేలో మేసినా ఎవరూ కొట్టకూడదు, కట్టెయ్యకూడదు. దేవుడి పేరు మీద జరిగినా, ఊరందరి ఖర్చుతో ఊరి మందకు మేలైన తండ్రిని పోషించడమే అది. అలా తీర్చిదిద్దిన ఒంగోలు జాతి 19వ శతాబ్దంలోనే ఓడలెక్కి బ్రెజిల్ చేరింది. ఆ దేశంలో నేడు మాంసం కోసం పెంచే పశువుల్లో అన్నిటికన్నా ఎక్కువ సంఖ్యలో ఉన్న జాతి పేరు 'నెలోర్'. మన నెల్లూరు పేరే అది!

పుంగనూరు జాతి విషయంలో మనుషుల ఎంపికకు ప్రకృతి ఎంపిక కూడా తోడయింది. కరువు వచ్చినప్పుడల్లా ఎక్కువ మేత కావలసినవి ముందుగా పోయేవి, తక్కువతో బతికేవి మిగిలేవి. మిగిలినవాటిలోంచి మళ్ళీ రైతు ఎంచుకునేవాడు.

కవ్వమే కొలబద్ద

శాస్త్రమంటే కొలత ఉండాలి. పాలలో వెన్న ఎంత ఉందో కొలిచే సులువైన పరీక్షను అమెరికాలో స్టీఫెన్ బాబ్‌కాక్ అనే ఆయన 1890లో కనిపెట్టాడు. మరి అంతకుముందు ఏ ఆవు పాలు చిక్కనివో ఎలా తెలిసేది?

కవ్వంతో తెలిసేది. రోజూ చల్ల చిలికే ఇల్లాలికి ఏ ఆవు పాలు తోడుపెడితే ఎంత ముద్ద వెన్న వస్తుందో చేతికి తెలుసు. ఈ ఏటికీ పోయిన ఏటికీ తేడా తెలుసు. తల్లికీ కూతురికీ తేడా తెలుసు. ఆమె కాగితం మీద ఏమీ రాసుకోలేదు. కాని పరిశీలన, పోలిక, జ్ఞాపకం, నిర్ణయం అన్నీ అక్కడ ఉన్నాయి. శాస్త్రపద్ధతిలో ముఖ్యమైన మెట్లు ఇవే గదా!

ఇక్కడ జన్యుశాస్త్రం ఒక మంచి సంగతి చెబుతుంది. పశువు లక్షణాలన్నీ ఒకే పాళ్ళలో సంతానానికి సంక్రమించవు. ఎత్తు, పాలలో వెన్న శాతం బాగా సంక్రమించే లక్షణాలు. ఎన్ని లీటర్లు ఇస్తుందనేది అంతకన్నా తక్కువ. ఎంత త్వరగా చూలు కడుతుందనేది మరీ తక్కువ. దానిమీద మేత, వాతావరణం, ఆరోగ్యం వీటి ప్రభావమే ఎక్కువ. కాబట్టి కంటికి కనబడే పొట్టితనాన్నీ, కవ్వానికి తెలిసే చిక్కదనాన్నీ ఎంచుకుంటూ పోతే ఫలితం తప్పక వస్తుంది. పుంగనూరు ఆవులో మనం ప్రత్యేకంగా చెప్పుకునే లక్షణాలు కూడా ఆ రెండే కావడం గమనించారా?

డార్విన్‌కు పాఠం చెప్పినవాళ్ళు

ఇలాంటి పనిని శాస్త్రమని పిలవడం మరీ గొప్పచెయ్యడం కాదా అని మీకు అనుమానం రావచ్చు. చార్లెస్ డార్విన్‌ను అడుగుదాం. జీవజాతుల పుట్టుక గురించి ఆయన 1859లో ప్రచురించిన ప్రసిద్ధ గ్రంథంలో మొదటి అధ్యాయం దేన్ని గురించో తెలుసా? పెంపుడు జంతువుల గురించి, తోటమొక్కల గురించి! పావురాలు పెంచేవాళ్ళ దగ్గర ఎంపిక సంగతులు నేర్చుకోవడానికి ఆయన లండన్‌లో రెండు పావురాల సంఘాల్లో చేరాడు, తానూ పావురాలు పెంచాడు. రైతులూ, పావురాలవాళ్ళూ చేసే ఎంపికను బాగా గమనించిన తరవాతే, ప్రకృతి కూడా అలాగే ఎంపిక చేస్తుందని పాఠకులకు నచ్చచెప్పగలిగాడు.

డార్విన్ కన్నా ముందు, 18వ శతాబ్దంలో, ఇంగ్లండులో రాబర్ట్ బేక్‌వెల్ అనే రైతు గొర్రెలనూ పశువులనూ ఎంపికతో మార్చి చూపించాడు. తలిదండ్రుల లక్షణాలు పిల్లలకు ఏ లెక్కన వస్తాయో కనిపెట్టిన గ్రెగర్ మెండెల్ ఒక క్రైస్తవ మఠంలో సన్యాసి. మఠం తోటలో బఠానీ మొక్కలు పెంచి, 1866లో తన ఫలితాలు ప్రచురించాడు. 1900 దాకా శాస్త్రలోకం ఆయన్ను దాదాపు పట్టించుకోలేదు.

అయితే మెండెల్‌కూ పుంగనూరు రైతుకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మెండెల్ లెక్కపెట్టి రాశాడు. రాశాడు కాబట్టే ముప్ఫై నాలుగేళ్ళ తరవాత అయినా ఇతరులు చదివి, సరిచూసి, ముందుకు తీసుకుపోగలిగారు. పుంగనూరు రైతు విజ్ఞానం పశువు ఒంట్లోనూ, మనిషి జ్ఞాపకంలోనూ ఉంది. పశువు పోతే, మనిషి పోతే అదీ పోతుంది. అది ఎంత ప్రమాదమో 20వ శతాబ్దపు రెండో సగంలో తేలింది.

నాలుగు తరాల్లో పదహారో వంతు

1960, 1970 దశకాల్లో మన దేశానికి పాలు చాలడం లేదు. ప్రభుత్వాలు జెర్సీ, హోల్‌స్టీన్ వంటి విదేశీ జాతుల వీర్యాన్ని తెప్పించి, కృత్రిమ గర్భధారణ ద్వారా సంకరజాతి పశువులను పెంచమని రైతులను ప్రోత్సహించాయి. 1970లో క్షీరవిప్లవ పథకం మొదలయింది. పాల కేంద్రాలు వెలిశాయి. నీళ్ళూ, పచ్చిమేతా, దాణా సమకూర్చుకోగలిగిన ఇళ్ళకు సంకరజాతి ఆవు నెలనెలా డబ్బు తెచ్చింది. చిత్తూరు జిల్లాలో ఎన్నో కుటుంబాలు పాలమీదే బతికాయి. దాన్ని తప్పు అనడానికి లేదు.

కాని ఒక లెక్క చూడండి. పుంగనూరు ఆవుకు జెర్సీ సంకరం చేస్తే పుట్టే పెయ్యలో పుంగనూరు వంతు సగం. ఆ పెయ్య పెద్దదయ్యాక మళ్ళీ జెర్సీ సంకరం చేస్తే నాలుగో వంతు. మూడో తరంలో ఎనిమిదో వంతు. నాలుగో తరంలో పదహారో వంతు. అంటే వందల ఏళ్ళు పట్టి తయారైన జాతి, ఒక మనిషి బడికి పోయి, చదువు ముగించి, పెళ్ళి చేసుకునేలోగా కరిగిపోగలదు. పుంగనూరు ఆవుకు జరిగిందీ అదే. దానికి తోడు ట్రాక్టర్లు వచ్చి ఎద్దులతో పని తగ్గింది. ఎద్దు అక్కర్లేకపోతే కోడెదూడకు విలువ లేదు. కోడెదూడలు లేకపోతే ఆబోతు ఎక్కణ్ణుంచి వస్తుంది? జాతి అంతరించిపోయే దశకు చేరింది.

పాలను లీటర్లలో మాత్రమే కొలిచిన సంస్థలు, మేతకు ఎంత, కరువుకు ఎంత, వెన్నకు ఎంత అని కొలవలేదు. ఏది కొలుస్తామో అదే పెరుగుతుంది. కొలవనిది మెల్లగా మాయమవుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

ప్రయోగశాల చెయ్యవలసిన పని

అయితే జాతిని పూర్తిగా పోకుండా ఆపిందీ ఒక పరిశోధన సంస్థే. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం పుంగనూరు పశువులను సేకరించి ఒక మందగా కాపాడుతూ వచ్చింది. ఆ కేంద్రం ఇప్పుడు తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉంది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ దేశీయ జాతుల పట్టికలో పుంగనూరును నమోదు చేసింది. కేరళలో ఇలాంటిదే వేచూర్ అనే పొట్టి జాతి ఉంది. 1989లో సోసమ్మ ఐప్ అనే పశువైద్య అధ్యాపకురాలు తన విద్యార్థులతో కలిసి ఊరూరా వెతికి, మిగిలిన కొద్ది పశువులతో ఆ జాతిని నిలబెట్టారు. అవును, విద్యార్థులతో కలిసే!

చిన్న మందను కాపాడటంలో రైతు కంటికి కనబడని చిక్కు ఒకటుంది. ఒక మందలో 100 ఆవులు, ఒక్క ఆబోతు ఉన్నాయనుకోండి. చూడటానికి 101 పశువులు. కాని జన్యు వైవిధ్యం లెక్కన ఆ మంద ఎంతటిదో తెలుసుకోవడానికి ఒక సూత్రం ఉంది. ఆవుల సంఖ్యనూ ఆబోతుల సంఖ్యనూ హెచ్చించి, దాన్ని 4తో హెచ్చించి, మొత్తం పశువుల సంఖ్యతో భాగించాలి. 4 × 100 × 1 = 400. దాన్ని 101తో భాగిస్తే సుమారు 4. అంటే నూటొక్క పశువుల మంద నాలుగు పశువుల మందతో సమానం! తరవాతి తరంలో పుట్టేవన్నీ ఒకే తండ్రి బిడ్డలు. వాటిలో వాటికి జతకడితే, దాగి ఉన్న లోపాలు బయటపడతాయి. అవే 100 ఆవులకు 10 ఆబోతులు ఉంటే? మీరే లెక్క వెయ్యండి. సుమారు 36 రావాలి.

చూశారా! ఆబోతు ఎలాంటిది కావాలో ఎంచడంలో రైతు దిట్ట. ఆబోతులు ఎన్ని ఉండాలో, ఏది దేనికి చుట్టమో లెక్కకట్టి రాయడంలో ప్రయోగశాల దిట్ట. ఒకరి పని ఇంకొకరికి రాదు. ఇద్దరూ మాట్లాడుకోకపోతే ఇద్దరూ నష్టపోతారు.

పొట్టితనమే కొలత అయితే?

ఈ మధ్య సంవత్సరాల్లో పుంగనూరు ఆవుకు మళ్ళీ మంచిరోజులు వచ్చాయి. పట్టణాల్లో కూడా ముచ్చటపడి పెంచుకుంటున్నారు. ధర లక్షల్లో పలుకుతోందని పత్రికలు రాశాయి. సంతోషమే. కాని కొనేవాళ్ళు మొదట అడిగే ప్రశ్న "ఎంత పొట్టి?" అని. ఎంత పొట్టిదైతే అంత ధర.

ఇందాకటి మాట గుర్తుందా? ఏది కొలుస్తామో అదే పెరుగుతుంది. ఎత్తు బాగా సంక్రమించే లక్షణం కాబట్టి కొద్ది తరాల్లోనే ఇంకా పొట్టి ఆవులు వస్తాయి. మరి చిక్కని పాలో? ఎండుమేతతో బతికే గుణమో? దుక్కి దున్నే బలమో? వాటిని ఎవరూ కొలవకపోతే అవి ఉన్నాయో పోయాయో కూడా తెలియదు. బొమ్మలాంటి ఆవు మిగిలి, కరువును జయించిన ఆవు పోవచ్చు.

ఐర్లండు దేశపు డెక్స్‌టర్ అనే పొట్టి పశుజాతి కథ దీనికి హెచ్చరిక. ఆ జాతిలో చాలా పశువుల పొట్టితనానికి కారణం ఒక లోపజన్యువు. అది ఒక్క పాలు ఉంటే పశువు పొట్టిగా, ఆరోగ్యంగా ఉంటుంది. తలిదండ్రులిద్దరిలోనూ ఉంటే? మెండెల్ లెక్క వెయ్యండి. నలుగురిలో ఒకరికి రెండు పాళ్ళూ వస్తాయి. అలాంటి దూడ బతకదు. ఇప్పుడు జన్యుపరీక్షతో అలాంటి జతలను ముందే తప్పిస్తున్నారు. అన్ని పొట్టి జాతులకూ ఇదే కారణమని అర్థం కాదు. పొట్టితనం ఒక్కదాన్నే వెంటాడితే ఏమేం వెంట రావచ్చో తెలుసుకోవడానికే ఈ ఉదాహరణ.

గింజలోనూ, యంత్రంలోనూ

ఇలా బడి బయట పుట్టిన విజ్ఞానం పశువులకే పరిమితం కాదు. మీ ఇంట్లో ఎప్పుడైనా హెచ్‌.ఎం.టి. బియ్యం అన్నం తిన్నారా? మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో దాదాజీ ఖోబ్రగడే అనే చిన్నరైతు 1983లో తన వరిచేలో మిగతావాటికి భిన్నంగా ఉన్న కొన్ని వెన్నులు గమనించాడు. వాటి గింజలు వేరుచేసి, మళ్ళీ వేసి, మళ్ళీ ఏరి, ఒక కొత్త సన్నరకాన్ని సాధించాడు. ఆ రోజుల్లో పేరుపడ్డ గడియారం పేరునే దానికీ పెట్టారు. ఆయన 2018లో చనిపోయాడు. ఆ రకం వల్ల ఎందరో లాభపడ్డా ఆయనకు దక్కింది చాలా తక్కువ. రైతులు సాధించిన రకాలను రైతుల పేరుతోనే నమోదు చేసుకునే వీలు 2001లో వచ్చిన చట్టంతో కలిగింది.

ఇక యంత్రం. నల్లగొండ ప్రాంతంలోని ఆలేరు దగ్గర పోచంపల్లి పట్టుచీరలు నేసే ఇళ్ళల్లో 'ఆసు పోయడం' అనే పని ఉంది. రంగు అద్దకముందు దారాన్ని కొయ్యమేకుల చుట్టూ చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు ఊగాలి. ఆ పని చేసే తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక, చదువు మధ్యలో ఆపేసిన చింతకింది మల్లేశం 1992లో ఒక యంత్రం చెయ్యడానికి పూనుకున్నాడు. ఏ కాలేజీలోనూ ఇంజనీరింగు చదవలేదు. చేసి చూశాడు, చెడితే విప్పాడు, మళ్ళీ చేశాడు. 1999 నాటికి యంత్రం పనిచేసింది. దానికి తల్లి పేరు పెట్టాడు. గంటల పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆవు, వరి, ఆసుయంత్రం — మూడింట్లోనూ ఒక పోలిక కనబడుతుంది. సమస్య ఎక్కడ ఉందో పరిష్కారం అక్కడే పుట్టింది. కరువులో పశువును బతికించుకోవలసినవాడు, సన్నగింజ కావలసినవాడు, తల్లి భుజం నొప్పి రోజూ చూసినవాడు — వీళ్ళకు ప్రశ్న ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. సరైన ప్రశ్న దొరకడం శాస్త్రంలో సగం పని.

టేపుతో ఆవు బరువు

మిగతా సగం కొలవడం, రాయడం. ఇది మీరు ఇవాళే మొదలుపెట్టవచ్చు. పశువును తూచే కాటా ఊళ్ళో ఉండదు. కాని దర్జీ టేపు ఉంటుంది గదా! ముందుకాళ్ళ వెనకగా రొమ్ము చుట్టుకొలత సెంటీమీటర్లలో కొలవండి. భుజం కొస నుంచి తోక పక్కనున్న పిరుదు ఎముక కొస దాకా పొడవు కొలవండి. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, దాన్ని పొడవుతో హెచ్చించి, 10,840తో భాగించండి. వచ్చేది ఇంచుమించుగా పశువు బరువు, కిలోలలో. చుట్టుకొలత 120, పొడవు 105 అయితే బరువు సుమారు 139 కిలోలు. సాధుపశువునే కొలవండి, యజమానిని పక్కన ఉంచుకోండి, వెనకకాళ్ళకు దూరంగా నిలబడండి సుమా!

తరవాత ఒక నోటుపుస్తకం తెరవండి. ఆవు తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఎప్పుడు ఈనింది, రోజుకు ఎంత మేత, ఎన్ని పాలు, చిలికితే ఎంత వెన్న — తేదీలతో రాయండి. కొలతలు అయ్యాక ఆ ఇంటి పెద్దవాళ్ళను ఒక ప్రశ్న అడగండి: "తాతా, ఈ దూడనే ఎందుకు ఉంచుకున్నారు? అవ్వా, ఏ ఆవు పాలకు వెన్న ఎక్కువ?" వాళ్ళు చెప్పినది చెప్పినట్టు రాయండి. నిజమో కాదో మీ అంకెలతో సరిచూడండి. కొన్ని నిజమవుతాయి, కొన్ని కావు. రెండూ విలువైనవే.

పుంగనూరు ఆవును తయారుచేసినవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్ళు రాయలేదు, వాళ్ళ గురించి ఎవరూ రాయలేదు. వాళ్ళ మనవలూ మునిమనవలూ అయిన మీకు రాయడం వచ్చు.